ఎవరి పేరు వాళ్లే

బస్తర్‌లోని జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా మీదుగా మన చింతూరు, భద్రాచలం వైపు దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద తోంగ్‌పాల్ ఉంది. దర్భా దాటి, ఝీరం ఘాట్ దిగాక తగిలే ఊరు. అక్కణ్ణించి లోపలికి, అడవి అంచున ఒక గూడెం. ధుర్వా ఆదివాసీల ఇళ్లు ఎక్కువ. వెదురు చీల్చి బుట్టలల్లడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన పని. ఇది కథ గనక గూడేనికీ, మనుషులకూ పేర్లు పెట్టడం లేదు.

ఆ గూడెంలో ఆడవాళ్లంతా కలిసి ఒక పొదుపు సంఘం పెట్టుకున్నారు. సంఘాన్ని నిలబెట్టడానికి భద్రాచలం అవతలి పల్లె నుంచి ఒక అక్క వచ్చింది. తన ఊళ్లో సంఘం నడిపి, అప్పులు తీర్చి, పిల్లల్ని చదివించుకున్న మనిషి. ఇతర రాష్ట్రాల సంఘాలకు దారి చూపడానికి మన వైపు నుంచి వెళ్లే సీఆర్‌పీల్లో (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లలో) ఒకతె. గూడెంలో అందరూ ఆమెను దీదీ అన్నారు. మిరప కోతలప్పుడు తన చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని పడుకునే కూలీలది ఈ వైపేనని ఆమెకు వచ్చాకే తెలిసింది. అందుకే ఆ గూడెం మీద ఆమెకు ప్రేమ కాస్త ఎక్కువే.

దీదీకి హిందీ అంతంత మాత్రం, హల్బీ, ధుర్వా అసలే రావు. పదో తరగతి దాకా చదివిన ఒక పిల్ల పక్కన కూర్చుని ఆమె మాట వాళ్లకూ, వాళ్ల మాట ఆమెకూ చెప్పేది.

మొదటి సమావేశంలోనే నిప్పు సంగతి వచ్చింది. శీతాకాలం వెళ్తూనే ఇప్పచెట్టు ఆకు రాలుస్తుంది. ఆ వెనకే పువ్వు. రాత్రంతా రాలి, తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. ఎండుటాకుల్లో పడితే కనపడదు. అందుకని ముందే చెట్టు కింద చిన్న నిప్పు పెట్టి నేల నున్నగా చేసుకుంటారు. ఒక్కోసారి ఆ నిప్పు అక్కడితో ఆగదు. కిందటేడు గుట్టెక్కి లేత వెదురును తినేసింది. బుట్టలల్లే వాళ్లకు అది ఎంత దెబ్బో ఒకరు చెప్పక్కర్లేదు.

దీదీ గోడకు చార్టు అంటించింది. నాలుగు గడులు గీసింది. ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఎంత ఖర్చు. మొదటి వరసలో 'చెట్ల కింద నిప్పు పెట్టకూడదు' అని రాయించింది. రెండోది గుట్ట చుట్టూ కాపలా. మూడోది చేతిపంపు చుట్టూ పగిలిన గట్టు బాగుచేయించడం, ఎందుకంటే అక్కడ బురద నిలిచి పిల్లలకు విరేచనాలవుతున్నాయి. 'ఎవరు' అనే గడి దగ్గరికి వచ్చేసరికి ఆమె చుట్టూ చూసింది. కళ్లు కలిసిన ప్రతి మనిషినీ "నువ్వు చేస్తావా అమ్మా?" అని అడిగింది. ఇంటికొచ్చిన మనిషి అడిగితే కాదనడం ఆ గూడెంలో మర్యాద కాదు. అందరూ తలూపారు. గడులన్నీ నిండాయి. ఆమె ఫొటో తీసి పై ఆఫీసుకు పంపింది.

మళ్లీ సమావేశానికి ఒక్క పనీ కాలేదు. పేరు రాసిన వాళ్లలో ముగ్గురు మిరప కోతలకు వెళ్లిపోయారు. ఆ సంగతి వాళ్లకు ముందే తెలుసు. దీదీ పని చేయని వాళ్లకు జరిమానా అంది. ఆ తర్వాతి సమావేశానికి సగం మందే వచ్చారు. వచ్చిన వాళ్లు తలుపు దగ్గర కూర్చున్నారు.

ఆ వారం పిల్లకు జ్వరం వచ్చింది. దీదీ చార్టు చుట్టి చంకన పెట్టుకుని వెళ్లింది గానీ, చెప్పేందుకు నోరు లేదు. ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. చార్టు పక్కన పెట్టి తనూ ఒక రాయి తీసుకుని కూర్చుంది. చేతులు ఆడుతున్నాయి, మాటలు నడుస్తున్నాయి. ఆమెకు అర్థమయ్యేది ఏమీ లేదు. నవ్వారు. ఒకరిద్దరు గొంతు పెంచారు. ఒక ముసలమ్మ ఏదో అని ఆగిపోయింది, చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చంటిబిడ్డ తల్లి తలొంచుకుని ఏదో చెప్పింది. అప్పుడొకామె గింజల బుట్ట పక్కకు జరిపి, తన గుండె మీద చెయ్యేసుకుని రెండు ముక్కలంది. వెనకే ఇంకొకామె అంది. అంతలో పొద్దు వాలింది, లేచి వెళ్లిపోయారు. రిజిస్టరులో దీదీ తేదీ వేసి, హాజరు తొమ్మిది అని రాసింది. తీర్మానాల దగ్గర ఏం రాయాలో తెలియక వదిలేసింది.

రెండు రోజులు పోయాక తెల్లవారుజామున ఆమె చెట్లవైపు నడిచింది. చంటిబిడ్డ తల్లి చెట్టు కింద ముగ్గురు చీపుళ్లతో ఆకులు ఊడుస్తున్నారు. బిడ్డ గుడ్డ ఉయ్యాలలో ఉంది. ఊడ్చిన ఆకును గట్టవతలి చేలో పోగేశారు. అది అయ్యాక ముగ్గురూ ముసలమ్మ చెట్టు దగ్గరికి వెళ్లారు. గుట్టవైపు పొగ లేదు.

జ్వరం తగ్గాక పిల్ల అందరినీ అడిగి, ఆ రోజు ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు దీదీకి చెప్పింది. ముసలమ్మ అన్నది ఇది: "కిందటేడు గుట్టెక్కిన నిప్పు నాదే. నా నడుం వంగదు. ఊడ్వలేక అంటించాను." చంటితల్లి అన్నది: "మా ఆయన ఖమ్మం కోతలకు పోయాడు. నాలుగు చెట్లు, చేతిలో బిడ్డ. ఈ ఏడు నేనూ అంటించేదాన్నే." గుండె మీద చెయ్యేసుకున్న ఆమె అన్నది: "నావి రెండే చెట్లు. తెల్లారేలోపే ఊడ్చుకుంటా. తర్వాత నీ దగ్గరికి నేనొస్తా." ఇంకొకామె: "ముసలమ్మ చెట్టు నా దారిలోనే ఉంది. అది నేను చూస్తా." అంతే. మీరు రండి అని ఎవరూ ఎవరితోనూ అనలేదు.

దీదీ చాలాసేపు ఆ మాటల దగ్గరే ఆగింది. చార్టులో మొదటి వరస 'నిప్పు పెట్టకూడదు' అని ఉంది. ఆ వరస ముందు కూర్చుని ముసలమ్మ తన సంగతి ఎలా చెబుతుంది? నిప్పు ఎందుకు పెడతారో తెలిసిన మనిషి నోరే ఆ వరస మూసేసింది.

అప్పట్నుంచి సమావేశంలో ఆమె చార్టు తెరవలేదు. చింతపండు పని అయిపోతే ఇంకో పని తీసుకుని కూర్చునేది. ఒకే ఒక ప్రశ్న పిల్ల చేత అడిగించేది: "పోయినసారి మాట్లాడుకున్న దాంట్లో ఎవరి మనసులోనన్నా ఏదన్నా మిగిలిందా?" కొన్నిసార్లు ఎవరూ పలికేవాళ్లు కాదు. ఆ మౌనాన్ని ఆమె అలాగే ఉండనిచ్చేది. పూల కాలం సగంలో పక్క గూడెం వైపు నుంచి నిప్పు వచ్చింది. పిలుపు లేకుండానే పచ్చి కొమ్మలు విరిచి కొట్టి ఆపారు. ఆ ఏడు వెదురు బతికింది.

చేతిపంపు గట్టు మాత్రం ఎవరి నోటా రాలేదు. వేసవి అంతా పగిలే ఉంది.

పూలు ఎండి, సంతకు చేరాక దీదీ చార్టు తెచ్చి, "జరిగింది రాసుకుందామా?" అంది. ఎవరి పని వాళ్లు చెప్పుకుంటే పిల్ల రాసింది. ఒకామె, "నేను చేశాను గానీ నా పేరు కాగితం మీద వద్దు" అంది. ఆ గడి ఖాళీగా వదిలేశారు. చార్టు చూసి పై ఆఫీసాయన, "ప్రణాళిక ఏ తేదీన వేశారమ్మా?" అని అడిగాడు.

"వేయలేదు సార్. పని అయ్యాక రాసుకున్నాం" అంది దీదీ.

నీతి

పదిమంది కూర్చున్న చోట ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలి. ఆ పేరు ఆ నోటి నుంచి వచ్చేదాకా పనిని కాగితం మీద పెట్టకూడదు.

ఇది వినడానికి తేలిక. పాటించడం కష్టం. సమావేశం నడిపే మనిషికి మౌనం భయం. మాటలు తేలిపోయి, ఏమీ తేలకుండా లేస్తే తను చేతకాని వాడినన్న బెంగ. అందుకే గంట గడవగానే 'సరే, ఇప్పుడేం చేద్దాం, ఎవరు చేస్తారు' అని బిగిస్తాడు. మనుషులు ఇంకా తమ ఇబ్బంది చెప్పుకునే దగ్గరే ఉంటారు. వాళ్లను అక్కణ్ణించి లాగి పరిష్కారం దగ్గర కూర్చోబెడితే వాళ్లు తలూపుతారు. తలూపడం ఒప్పుకోవడం కాదని మనందరికీ తెలుసు. అయినా రిజిస్టరులో దాన్నే ఒప్పుకోలుగా రాస్తాం.

ఈ కథకు తోంగ్‌పాల్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకరి పేరును ఇంకొకరు కాగితం మీద రాయడం ఎంత బరువైన పనో ఆ నేలకు తెలిసినట్టు మరో నేలకు తెలియదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా, ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎందరో సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ కాలం నడిచింది. ఫలానా వాడు ఫలానా మీటింగులో ఉన్నాడన్న మాటకు ప్రాణం ఖరీదు కట్టిన చోటు అది. అలాంటి చోట 'ఎవరు చేస్తారు' అనే గడిని మంచి ఉద్దేశంతోనే అయినా మనం నింపేయడం చిన్న విషయం కాదు. పేరు వద్దన్న ఆమె భయానికి ఆ ఖాళీ గడి ఇచ్చిన గౌరవం, నిండిన గడులు ఇవ్వలేవు.

ఆ నేలకే ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు. అడవిలో మూడింట రెండొంతులు రిజర్వు చేస్తామని దొరల ప్రభుత్వం తలపెట్టాక, కాంగేర్ అడవుల్లోని ధుర్వాలు ముందుగా లేచారు. నేతానార్ గ్రామం గుండాధుర్ పేరు అప్పుడే జనం నోట నిలిచింది. ఊరి నుంచి ఊరికి ప్రయాణించినవి మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణం. కదలాలా వద్దా అన్నది వాటిని అందుకున్న ఊరు తేల్చుకోవాల్సిన మాట. ఆ తిరుగుబాటును బలగాలతో అణిచేశారు. కానీ అడవి రిజర్వేషన్‌ను కొంతకాలం ఆపారు, ముందనుకున్న విస్తీర్ణాన్ని తగ్గించారు. ఉత్తరాలు రాసి, బాధ్యతలు పంచి నడిపితే అన్ని ఊళ్లు అంత త్వరగా కదిలేవని నేను అనుకోను.

మన దగ్గర ఈ నీతికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పొద్దున కూలికి పోయి, రాత్రి వంటయ్యాక ఆడవాళ్లు దీపం చుట్టూ చేరి అక్షరాలు దిద్దారు. పెట్టుకున్న పని చదువు. సారా అంగడి మూయించడం ఆ తరగతుల లక్ష్యాల్లో ఎవరూ రాయలేదు. కానీ వాచకంలో తాగుబోతు మొగుడి వల్ల కుమిలిపోయే ఇల్లాలి పాఠం వచ్చింది. పాఠం చదువుతూ చదువుతూ ఎవరి ఇల్లు వాళ్లు తలుచుకున్నారు. కూలి డబ్బు ఎక్కడికి పోతోందో రోజూ రాత్రి, అదే చోట, అదే మనుషులు మాట్లాడుకున్నారు. ఒక రోజు లేచి వెళ్లి అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రానికి తెలిసింది. దూబగుంట సంగతి పాఠమై మిగతా ఊళ్ల రాత్రి బడుల్లోకి వెళ్లింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలను ఆడవాళ్లు మళ్లీ మళ్లీ అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ప్రభుత్వమే దాన్ని సడలించింది. ఆ సడలింపు బాధ నెల్లూరు పల్లెల్లో ఇంకా పోలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రాత్రి బడికి మొదటి రోజే ఎవరైనా వెళ్లి, 'మీ ఊరి సమస్యలు చెప్పండి, కార్యాచరణ వేద్దాం' అని ఉంటే ఏం రాసుకునేవాళ్లు? వీధి దీపం, నీళ్ల కుళాయి, రోడ్డు. సారా మాట పైకి వచ్చేది కాదు. మొగుడు కొట్టాడని మొదటి రోజు ఎవరు చెబుతారు? కుదురుగా, చాలా రాత్రులు కూర్చున్నాకే ఆ మాటకు చోటు దొరికింది. కూర్చోవడమే అక్కడ జరిగిన పని. ఆ పనిని మన రిపోర్టుల్లో ఎక్కడా లెక్కించం.

ఆ పోరాటం వెనకే నెల్లూరులో పొదుపు ఉద్యమం పెరిగింది, రాష్ట్రమంతా సంఘాలు వచ్చాయి. ఆ సంఘాలు ఎన్ని కుటుంబాలను వడ్డీ వ్యాపారి నుంచి బయటపడేశాయో చూసిన వాళ్లెవరూ వాటిని తక్కువ చేయరు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు, వసూలు, లెక్కల పుస్తకం అనే పంచసూత్రాలు అవసరమైనవే. డబ్బు ఉన్న చోట లెక్క ఉండాలి. నా అభ్యంతరం ఒక్కటే. డబ్బుకు పనికొచ్చిన ఆ క్రమాన్ని మనం మాటలకూ తొడిగేశాం. సంఘంలో అక్కలు మాట్లాడుకునే సమయం తగ్గి, గడులు నింపే సమయం పెరిగింది. సూక్ష్మ రుణ ప్రణాళిక ఫారం ఒక్క సాయంత్రంలో పూర్తి చేయించి పట్టుకెళ్లే రోజుల్లో, ఇంటికి గేదె కావాలో బడి ఫీజు కావాలో ఆ ఇల్లాలు ఇంకా తేల్చుకోకముందే గేదె అని రాసేస్తారు.

గడులు ముందే గీయని సమావేశం బయటి దేశాల్లోనూ ఉంది. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ 1985లో సమావేశాలు నడిపే ఒక తీరు మొదలుపెట్టాడు. అజెండా ముందుగా ఉండదు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఏదైనా విషయం మనసులో ఉన్నవాళ్లు లేచి మధ్యలోకి వచ్చి, కాగితం మీద ఆ విషయం రాసి, తమ పేరు తామే చెప్పి, గోడకు అంటిస్తారు. ఇష్టమున్న వాళ్లు ఆ గోడ దగ్గరికి వెళతారు. ఎవరూ రాయని విషయం మీద చర్చ ఉండదు. ప్రపంచంలో చాలా దేశాల్లో ఈ తీరు పాకింది. రచ్చబండ దగ్గర కూర్చుని మాట్లాడుకునే మన పల్లెకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. మరిచిపోయింది గుర్తు చేసుకుంటే చాలు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. చేతిపంపు సంగతేమిటి? ఎవరి నోటా పేరు రాలేదు, పిల్లలు బురదలోనే తిరిగారు. ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలని కూర్చుంటే అవసరమైన పనులు ఆగిపోవా?

ఆగుతాయి, కొన్ని. చార్టులో పేరున్నప్పుడూ ఆ గట్టు బాగుపడలేదు, పైగా బాగుపడబోతోందని కాగితం మీద ఉంది కాబట్టి పంచాయతీని ఎవరూ అడగలేదు. పేరు రాని పని రెండు సంగతుల్లో ఒకటి చెబుతుంది. ఆ పని వాళ్లకు ఇంకా నొప్పిగా మారలేదు, లేదా అది వాళ్లు చేయాల్సింది కాదు. సిమెంటు గట్టు వేయాల్సింది పంచాయతీ. దాన్ని ఆడవాళ్ల పొదుపు సంఘం మీద పెట్టడం, ప్రభుత్వం తన పనిని చార్టు మీదకు తోసేయడమే. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు బలమిచ్చింది. ఆ బలం ఇలాంటి చోట అడగడానికి ఉంది. పంచాయతీ వినేదాకా అడుగుతూ ఉండాల్సిన పని అది.

వట్టి మాటలతో కాలం వెళ్లిపోతుందన్న భయానికి గడ్చిరోలి జిల్లా మేండా-లేఖా జవాబు చెప్పింది. బస్తర్‌కు పక్కనే ఉన్న గోండుల ఊరది. అక్కడ మాట్లాడుకునే కూటమి వేరు, తీర్మానించే గ్రామసభ వేరు. అధ్యయన బృందంలో కూర్చుని ఎంతసేపైనా చర్చిస్తారు, నిర్ణయం మాత్రం చేయరు. గ్రామసభలో అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. ఒక్కరు కాదన్నా మళ్లీ మాట్లాడుకుంటారు. ఇంత నెమ్మదిగా నడిచే ఊరు వెనకబడాలి మరి. కానీ అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అడవి హక్కు దేశంలో తొలిసారి 2009లో దక్కించుకున్న ఊళ్లలో అది ఒకటి. 2011లో తమ వెదురుకు రవాణా పాసులు తామే ఇచ్చుకునే అధికారం కూడా సాధించుకుంది. ఒక్కొక్కరూ తమకు తాముగా ఒప్పుకున్న మాట కాబట్టి, ఏళ్ల తరబడి అధికారులతో వాదించాల్సి వచ్చినా ఎవరూ వెనక్కి పోలేదు.

సంఘాలను నడిపించే అధికారులకూ, గూడేలకు వెళ్లే మన సీఆర్‌పీలకూ నేను అడిగేది పెద్దదేం కాదు. సమావేశం ఫారంలో 'ఎవరు చేస్తారు' అనే గడిని నడిపే మనిషి చేత నింపించకండి. చేస్తానన్న మనిషే సంతకం పెట్టాలి, లేదా వేలిముద్ర వేయాలి, అదీ ఆమె సరేనంటేనే. నెల పొడవునా ఆ గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే పైకి పంపనివ్వండి. ఆ ఖాళీ చూసి సంఘానికి గ్రేడు తగ్గించకండి.